అత్తయ్య తిరగేసి పెట్టిన క్లిప్పు

పోయిన వారం మా మేనత్త పోయింది. నేను పాఠం చెప్పడానికి క్లాసుకు బయలుదేరుతుంటే నాన్న ఫోన్ చేశారు. "అత్తయ్య వెళ్ళిపోయిందమ్మా. నిద్రలోనే" అన్నారు. అదేంటో, ఆ నిమిషంలో ముక్కుకి కిరసనాయిలు వాసన తగిలింది. చుట్టుపక్కల ఎక్కడా కిరసనాయిలు లేదు.

తెనాలిలో ఆమెను ఎరిగినవాళ్ళకి ఆమె ఆపరేషన్ థియేటర్లో నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఆదివారం చర్చిలో అందరికంటే గట్టిగా, కొంచెం శ్రుతి తప్పి పాడే మనిషి. నాకు మాత్రం, చచ్చిందని అందరూ వదిలేసిన మోటారు సైకిలుని విప్పి మళ్ళీ నిలబెట్టిన మనిషి.

ఆ బండి మావయ్యది. ఆయన పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. రేపల్లె వైపు ఊళ్ళలో గేదె ఈనలేక అవస్థపడుతుంటే ఆ 'డుగుడుగు బండి' చప్పుడు కోసమే జనం ఎదురుచూసేవారట. తొంభైల మొదట్లో, ఒక వానాకాలం, కాలవ కట్ట మీద బండి జారి ఆయన మోకాలి మీద పడింది. ఎముక అతుక్కుంది గానీ మోకాలు ఇక వంగలేదు. బండిని ఎడ్ల బండిలో తెచ్చి ఇంటి పక్క రేకుల షెడ్డులో పడేశారు. మావయ్య వరండాలో కుర్చీ వేసుకుని షెడ్డుకి వీపు పెట్టి కూర్చున్నారు. గేటు దాటడం మానేశారు. చర్చికి రారు. పలకరిస్తే "ఊ" అంటారు, అంతే. మరుసటి వేసవికీ అలాగే ఉన్నారు.

"అక్కా, దాన్ని పాత ఇనప సామానుకి ఇచ్చెయ్. కళ్ళెదురుగా ఉంటే బావకి ఇంకా బాధ" అన్నారు నాన్న.

"విప్పి చూడకుండానే చచ్చిపోయిందని రాసేస్తామేంట్రా?" అంది అత్తయ్య.

అప్పుడు నేను బాపట్లలో డిగ్రీ చదువుతున్నాను. వేసవి సెలవులకి తెనాలి వెళ్ళాను. డ్యూటీ నుంచి రాగానే అత్తయ్య తెల్లచీర మార్చుకుని షెడ్డులోకి వెళ్ళేది. థియేటర్లో పనికిరాదని పారేసిన ఆకుపచ్చ గుడ్డ ఒకటి నేల మీద పరిచేది. తీసిన ప్రతి నట్టూ కిరసనాయిల్లో కడిగి, తీసిన వరసలోనే దాని మీద పేర్చేది. "తీసేటప్పుడు లెక్క, పెట్టేటప్పుడు లెక్క. ఒక్కటి తగ్గినా కుట్టకూడదు" అనేది. ఎన్నో ఏళ్ళుగా డాక్టర్ల చేతికి కత్తెరలు అందించిన మనిషి కదా, ఇప్పుడు తన చెయ్యి చాపి, నా వైపు చూడకుండా, "పన్నెండో నంబరు" అనేది. నేను స్పానరు అరచేతిలో చప్పుడయ్యేలా పెట్టాలి. మెల్లగా పెడితే ఒప్పుకునేది కాదు.

ఇంజను సిలిండరు బాగా అరిగిపోయింది. దాన్ని లోపల సాపు చేయించాలంటే బాపట్లలో నాన్నకి తెలిసిన లేతు మిషను షాపుకి తీసుకెళ్ళాలి. తువ్వాల్లో చుట్టి, బుట్టలో పెట్టి, ఒళ్ళో పసిబిడ్డలా పట్టుకుని బస్సెక్కింది.

"ఏంటమ్మా అందులో? లగేజీ కొట్టాలా?" అన్నాడు కండక్టరు.

"గుండెకాయండి. దానికి టిక్కెట్టు వద్దు లెండి."

కండక్టరు మళ్ళీ మా సీటు దగ్గరికి రాలేదు.

ఆమెకి ఈ పని ఎలా వచ్చిందని చాలామంది అడిగారు. రాలేదు, అదే నిజం. ఆ లేతు షాపులో నిలబడి చూసింది, అడిగింది, ఇంటికొచ్చి చేసింది, చెడగొట్టింది, మళ్ళీ విప్పింది. పెట్రోలు ట్యాంకుకి క్రిస్మస్‌కి తలుపులకు వేయగా మిగిలిన నీలం రంగు వేస్తే పెట్రోలు చుక్క పడి బుడగలు లేచాయి. "పోన్లే, గాయం తాలూకు మచ్చ" అంది. మావయ్య మాత్రం ఒక్కసారి కూడా తల తిప్పలేదు. ఒకరోజు నేనే ఉండబట్టలేక, "ఇంత చేసి ఎవరు నడుపుతారు అత్తయ్యా?" అన్నాను. ఆమె చెయ్యి చాపి, "పన్నెండో నంబరు" అంది. ఆ రోజు నట్లు రెండుసార్లు లెక్కపెట్టింది.

చివరికి గొలుసు ఒక్కటే మిగిలింది. షెడ్డులో ఉక్కగా ఉందంటూ బండిని వరండా పక్కకి, సరిగ్గా మావయ్య కుర్చీ ముందుకి నెట్టించింది. మెట్టు మీద కూర్చుని, గొలుసు రెండు కొసలూ కలిపి, వాటిని పట్టి ఉంచే చిన్న క్లిప్పు నొక్కింది.

"అది తిరగేసి పెట్టావు."

నేను ఉలిక్కిపడ్డాను. అత్తయ్య తలెత్తలేదు.

"ఏంటండీ?"

"క్లిప్పు. మూసిన కొస గొలుసు తిరిగే వైపుకుండాలి. ఇట్టా పెడితే దారిలో ఊడిపోద్ది."

"అట్టాగాండీ? ఎటు తిరుగుద్దండీ?"

"బండంతా విప్పినదానివి, అది తెలీదా?" కుర్చీ కిర్రుమంది. కర్ర పట్టుకుని, ఒక్కో మెట్టూ దిగి, బిగుసుకున్న కాలు పక్కకి చాపి నేల మీద చతికిలబడ్డారు మావయ్య. "స్క్రూడ్రైవరు ఇట్టా ఇయ్యి."

అత్తయ్య అందించింది. అరచేతిలో చప్పుడయ్యేలా.

ఆ తర్వాత ఇంట్లో మాటలు ఆగలేదు. చర్చి ఖాళీ స్థలంలో ఆమెకి బండి నేర్పింది ఆయనే, కర్ర ఊపుతూ, కేకలేస్తూ. మావయ్య పాత ప్యాంటు తొడుక్కుని దాని మీద చీర కట్టేది అత్తయ్య. తీరా రోడ్డెక్కే రోజు గేటు దగ్గర ఆయన ఆగిపోయారు. మోకాలు వంగదు కాబట్టి రెండు కాళ్ళూ ఒక పక్కకే వేసి కూర్చోవాలి.

"నీ వెనక నేనా? అదీ ఆడాళ్ళ మాదిరి పక్కకి తిరిగి?"

"ఇన్నేళ్ళు నేను కూర్చోలేదాండీ? ఎప్పుడన్నా పడ్డానా?"

ఇప్పటికీ నాకు తెగని అనుమానం ఒకటుంది. నట్టు నట్టూ లెక్కపెట్టే మనిషి క్లిప్పు తిరగేసి ఎలా పెట్టింది? తెలిసే పెట్టిందా? నాకది తెలిసే చేసినట్టు అనిపించేది. మళ్ళీ, గొప్పవాళ్ళని గుర్తుచేసుకునేటప్పుడు వాళ్ళ పొరపాట్లకీ మనమే తెలివి అంటగడతామేమో అనిపించేది. మావయ్య పోయిన చాలా ఏళ్ళకి, పోయిన వేసవిలో, అడిగేశాను.

"నీ అనుమానాలు నువ్వూనూ! ఆ రోజు డబుల్ డ్యూటీ చేసొచ్చానే. కళ్ళు మూతలు పడుతున్నాయి" అంది. ఆగి, "కాఫీ తాగుతావా?" అంది. అంతకుమించి రాబట్టలేకపోయాను.

ఆమె సమాధి దగ్గర నిలబడినప్పుడు నాకు గుర్తొచ్చింది సూర్యలంక రోడ్డు. బండి బాగుచేసిన ఆ వేసవి చివర్లో వాళ్ళిద్దరూ ఆ బండి మీద బాపట్ల మా ఇంటికొచ్చారు. అక్కణ్ణుంచి సముద్రానికి బయలుదేరాం. నేను నాన్న స్కూటర్ మీద వెనక. ముందు నీలం ట్యాంకు బండి, నడుముకి కొంగు బిగించిన అత్తయ్య. వెనక పక్కకి తిరిగి కూర్చున్న మావయ్య, చేతికర్ర ఒళ్ళో అడ్డంగా, వంగని కాలు రోడ్డు మీదికి చాచి. రోడ్డు పక్కన పోయే సైకిళ్ళు ఆ కాలికి దారిచ్చి తప్పుకుంటున్నాయి. ఆయన ఒక చెయ్యి ఆమె భుజం మీద వేసి, తల కొంచెం కిందికి వంచి, గొలుసు చప్పుడు వింటున్నారు.