కుళాయి దగ్గర పదకొండు రోజుల డ్యూటీ

ఉదయం నాలుగు యాభైకి పోస్టుకు చేరాను. మా ఇంటి గడప నుంచి నూటపది అడుగులు. గుడియాత్తంలో మా మేలు వీధి అయిపోయి కింది వీధి మొదలయ్యే చోట ఒక కుళాయి ఉంది. దాని పక్కన గోడకు ఆనించిన ప్లాస్టిక్ స్టూలు. అదే నా పోస్టు. ఎదురుగా కింది వీధి వెనక నుంచి వచ్చే ఇరుకు సందు. చిత్తిరై నెల, ఎండలు మండే కాలం. ఆ వేళకే బనియన్ ఒంటికి అంటుకుంటోంది.

సామగ్రి: విజిల్ ఒకటి, నీళ్ళ బాటిల్ ఒకటి, తువ్వాలు ఒకటి. లాఠీ తెచ్చుకుంటే వెనక్కి పంపారు. బూట్లు కూడా విప్పించారు. ఆర్డర్లు ఇచ్చింది నా భార్య సరోజ.

“సందులోంచి ఎవురన్నా కర్రల్తో వస్తే ఒక్క విజిలు కొట్టు. అంతే. నువ్వు లేసి పోవద్దు, అరవద్దు,” అంది.

“ఆ తర్వాత?”

“విజిలు ఇనపడితే అవ్వలు నలుగురు వచ్చి సందు మొగదల్లో కూసుంటారు. ముసిలోళ్ళని తొక్కుకోని ఎవురూ రారు. మిగతాది మేము చూసుకుంటాం.”

నేను ఇరవై రెండేళ్ళు సిపాయిని. హవల్దారుగా రిటైరయ్యాను. ఒక విడత ఐక్యరాజ్యసమితి నీలి హెల్మెట్ పెట్టుకుని ఆఫ్రికాలో శాంతి కాపాడే పని చేశాను. దానికి మెడల్ ఉంది. ఆ మెడల్ ఉన్నవాణ్ణి స్టూలు మీద కూర్చోబెట్టారు.

గొడవ ఏమిటంటే, అమ్మవారి పల్లకి. ఈ ఏడాది ముందు ఏ వీధికి రావాలని మాట మాట పెరిగింది. మా వీధి సెల్వం కింది వీధి కుర్రాడి తల పగలగొట్టాడు. కుర్రాణ్ణి వేలూరు ఆసుపత్రిలో పడుకోబెట్టారు. సెల్వం జామీను మీద బయటికొచ్చాడు. కుర్రాడి అన్న నటరాజు మాత్రం పల్లకి కదిలే లోపల సెల్వం తల పగలాల్సిందేనని అందరి ముందూ అన్నాడు. అతను ఉత్తుత్తిగా అనే మనిషి కాదు.

మొదట మగవాళ్ళం మీటింగు పెట్టాం. మిలిటరీ మనిషివి, నువ్వే దారి చెప్పమన్నారు. చెప్పాను. ఆఫ్రికాలో రెండు గుంపుల మధ్య గీత గీసి, దాని మీద నిలబడ్డాం. అదే ఇక్కడా చేశాను. సున్నం డబ్బా తెచ్చి, వీధికి అడ్డంగా తెల్ల గీత కొట్టాను. ఇటువాళ్ళు అటు పోకూడదు, అటువాళ్ళు ఇటు రాకూడదు. పావుగంట కాలేదు, బిందెలు ఎగిరాయి. కుళాయి గీతకు ఇవతల పడింది. అన్నాళ్ళూ రెండు వీధులూ కలిసి పట్టుకునే నీళ్ళు నా గీతతో మా వీధివైపోయాయి. “ఇది నీ ఆఫ్రికా కాదప్పా, మిలిటరీ,” అన్నాడు కింది వీధివాడొకడు. అందరూ నవ్వారు. మావాళ్ళు కూడా నవ్వారు.

మర్నాడు సరోజ కింది వీధికి వెళ్ళింది. నేరుగా నటరాజు ఇంటికే. వాళ్ళమ్మను అందరం గంజి అవ్వ అంటాం, రెండు వీధుల పడుగులకూ గంజి కాచేది ఆమే. ఇద్దరూ గంటసేపు మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు.

నేత తెలియనివాళ్ళకు ఒక మాట. మగ్గం ఎక్కించే ముందు నిలువు దారాలన్నిటినీ వీధి పొడవునా సాగదీసి, గంజి పట్టించి, కుంచెతో దువ్వాలి. ఆ దారాలనే పడుగు అంటాం. ఎండ ముదరకముందే పని కావాలి. మధ్యలో చెయ్యి ఆగితే పోగులు అతుక్కుపోతాయి, ఆ ఇంటి వారం కష్టం పోతుంది. సాగదీసిన పడుగును మావాళ్ళెవరూ దాటరు. పెళ్ళి కారైనా ఆగాల్సిందే. చెప్పులతో దగ్గరికి రారు. ఎప్పుడూ ఏ వీధి పడుగు ఆ వీధిలోనే.

ఆడవాళ్ళు పడుగును నా తెల్ల గీత మీదుగా వేశారు. సగం మా వీధిలో, సగం వాళ్ళ వీధిలో. రోజూ ఎవరి ఇంట్లో కోపం ఎక్కువో ఆ ఇంటి పడుగు వేస్తారు. పట్టుకోవలసింది ఎదుటి వీధివాళ్ళు. రెండో రోజుకు ఇరవైమంది వచ్చారు, అయిదో రోజుకు నలభైమంది. మగవాళ్ళు కూడా వచ్చి కొసలు పట్టారు. గీత అడుగుల కింద అరిగిపోయింది.

నాకు అసూయ. వేరే పేరు పెట్టను. నాలుగో రోజు ఎస్సై జీపు దిగాడు. నేను స్టూలు మీంచి లేచి అటెన్షన్‌లో నిలబడ్డాను. ఆయన నన్ను దాటుకుని పోయి, “సరోజమ్మ ఎంగ?” అని తమిళంలో అడిగాడు, ఎక్కడుందని. టీ కొట్టు నుంచి కెటిల్ వస్తే ముందు ఆమెకు, తర్వాత అవ్వలకు. అడుగున మిగిలింది నాకు. రాత్రి అన్నం తింటూ ఆమె కునికితే, ఏం చేసిందని ఇంత అలసట అనుకునేవాణ్ణి.

ఆరో రోజు ఇద్దరం బస్సెక్కి వేలూరు వెళ్ళాం. నన్ను సంచి మోయడానికి రమ్మంది. తలకు కట్టుతో ఉన్న కుర్రాడు ఆమెను చూడగానే లేచి కూర్చున్నాడు. “అత్తా, మా అన్నకి చెప్పు. నాకు బాగుండాదని చెప్పు. పోట్లాడొద్దని చెప్పు,” అన్నాడు. నా వైపు చూడనే లేదు. తిరుగు బస్సులో నేను ఆఫ్రికా సంగతి ఎత్తుకున్నాను. ఒక ఊరిని మేము ఎలా కాపాడామో చెబుతున్నాను. తిరిగి చూస్తే సరోజ కిటికీకి తల ఆనించి నిద్రపోతోంది.

పదకొండో రోజు. ఆ సాయంత్రమే పల్లకి. ఆ రోజు పడుగు గంజి అవ్వ ఇంటిది, అంటే నటరాజుది. మా వైపు కొస పట్టింది సెల్వం. పట్టమన్నది సరోజే. ఆరు గంటలకు గంజి పట్టించడం మొదలుపెట్టారు. గాలి లేదు.

ఆరు పది. సందులో అడుగుల చప్పుడు. ముందు నటరాజు, వెనక ఆరుగురు. ఏడు కర్రలు.

విజిల్ నోట్లో పెట్టుకున్నాను. ఊదలేదు.

రానీ అనుకున్నాను. వచ్చి మీద పడనీ. అప్పుడు ఈమెకు తెలుస్తుంది. అప్పుడు ‘ఏమప్పా, రాప్పా’ అని నన్ను పిలుస్తుంది. నేను అడ్డం వెళతాను. సిపాయి అంటే ఏమిటో రెండు వీధులూ చూస్తాయి. అదే నా బుర్రలో ఉంది. పదిహేను అంకెలు లెక్కపెట్టేంత సేపు. అంతలో వాళ్ళు నా స్టూలు దాటి వెళ్ళిపోయారు. అవ్వలు ఎవరూ రాలేదు. నటరాజుకూ సెల్వానికీ మధ్య తడి పడుగూ, కుంచె పట్టుకున్న నా భార్యా తప్ప ఇంకేమీ లేదు. అప్పుడు భయం వేసింది. స్టూలు అంచు పట్టుకుని కూర్చుండిపోయాను.

నటరాజు పడుగు దగ్గర ఆగాడు. కర్ర చేతిలోనే ఉంది. ముందు కుడికాలి చెప్పు విడిచాడు, తర్వాత ఎడమకాలిది. వెనక ఆరుగురూ విడిచారు.

“వాడు నా పడుగు ముట్టేదేంది?” అని అరిచాడు.

సరోజ కుంచె ఆపలేదు. “ముట్టకపోతే ఎవురు పట్టేది నాయనా? నువ్వు రాకపోతివి. ఈ నడిమి కర్ర జారతా ఉండాది. సీక్రం పట్టు.”

“గంజి ఆరిపోతా ఉండాదిరా,” అంది వాళ్ళమ్మ. “కొట్టుకునేదుంటే దువ్వినంక కొట్టుకోండి.”

పడుగును మధ్యలో ఎత్తిపట్టే ఆ నడిమి కర్ర నిజంగానే వాలింది. పడుగు కిందికి దిగి, నేలకు జానెడు ఎత్తులో ఊగింది. అది పట్టడానికి రెండు చేతులు కావాలి. నటరాజు తన కర్ర ఎక్కడ పెట్టాలా అని ఇటూ అటూ చూసి, గోడ వైపు విసిరేసి వంగాడు. మిగతా ఆరుగురు కాసేపు నిలబడ్డారు. అవ్వ ఒకడి చేతికి కుంచె ఇచ్చింది.

ముప్పై అయిదు నిమిషాలు పట్టింది. సెల్వం ఆ కొసన, నటరాజు నడుమ. పడుగు చుట్టేటప్పుడు సెల్వం తల ఎత్తకుండా, “రేపు ఆసుపత్రికి నేనూ వస్తాను,” అన్నాడు. నటరాజు పడుగును ఇంకో చుట్టు చుట్టాడు. కొట్టలేదు.

సాయంత్రం పల్లకి కుళాయి దగ్గర ఆగింది. ముందు కింది వీధికి వెళ్ళింది, ఆడవాళ్ళ నిర్ణయం అది. ఎనిమిదిన్నరకు ఇల్లు చేరాను. సరోజ కాళ్ళు కడుక్కుని మగ్గం పక్కన కూర్చుంది.

“వాళ్ళు వచ్చేది చూసినావా?”

“చూసినాను.”

“మరి విజిలు?”

“కొట్టలే.”

“ఎందుకప్పా?”

“నువ్వు నన్ను పిలస్తావని.”

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది. కాళ్ళు పిసుక్కుంది. “అవ్వలు నలుగురూ పొద్దున్నించీ నిన్నే నమ్ముకోని వాకిట్లో కూసోని ఉండారు,” అంది. లేచి వంటింట్లోకి వెళుతూ గుమ్మం దగ్గర ఆగింది. “పడుగులు ఇంకా ఉండాయి. రేపట్నించి నువ్వు రావద్దు. నీ చోట్లో నటరాజు కూసుంటాడు.”

నా డ్యూటీ అలా ముగిసింది.

ఇప్పుడు ఆఫ్రికా గుర్తు తెచ్చుకుందామన్నా సరిగా రాదు. ఒక్కటే వస్తుంది. నటరాజు రెండు చేతులతో ఆ నడిమి కర్ర ఎత్తిపట్టి ఉన్నాడు. చెమట కళ్ళలోకి కారుతోంది. చెయ్యి వదిలితే పడుగు నేల పాలు. సరోజ కుంచె ఎడమ చేతికి మార్చుకుంది. కొంగు చివరతో అతని నుదురు తుడిచింది, ఒక కన్ను తుడిచింది, ఇంకో కన్ను తుడిచింది. అతను చిన్నపిల్లాడిలా ముఖం ఇచ్చి కళ్ళు మూసుకున్నాడు. నేను పది అడుగుల దూరంలో ఉన్నాను. నా ముఖం నిండా చెమటే. నా చేతులు రెండూ ఖాళీ.