మడ అడవి దుప్పుల నట్టలు

తొంభైల చివర్లో నేను దివిసీమలో, సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ఊళ్లో పశువుల డాక్టరుగా పనిచేశాను. మాది విజయవాడ వన్ టౌన్. నాన్న స్టీలు సామాన్ల వ్యాపారి. సెలవుకి ఇంటికి వెళ్తే అమ్మ నాచేత మోచేతుల దాకా సబ్బు పెట్టి కడిగించి గానీ అన్నం వడ్డించేది కాదు. ఉద్యోగం వద్దనడం ఎప్పుడో మానేసింది, కడిగించడం మాత్రం మానలేదు.

ఒక ఏడు సముద్రపు ఉప్పునీరు పైకెక్కి గడ్డి చాలావరకు మాడిపోయింది. ఎండాకాలంలో మడ అడవి అంచున దుప్పులు చచ్చిపోతున్నాయని ఫారెస్టు రేంజర్ గారు కబురు పెట్టారు. పడవలో వెళ్లాను. గట్టు మీద ఒక ఆడ దుప్పి పడి ఉంది. కాస్త దూరంలో జాలరిపేట వాళ్లు నిలబడి చూస్తున్నారు.

"నీటిగుంటలో పురుగుల మందు కలిపారు మేడమ్. మాంసం కోసం. మీరు రాసిస్తే కేసు కడతాను" అన్నారు రేంజర్ గారు. అప్పటికే పేటలో ఒకతన్ని పిలిపించి ఆఫీసులో కూర్చోబెట్టారట. అతని తల్లి, ఎండుచేపలు అమ్ముకునే పెద్దావిడ, నా దగ్గరికి వచ్చి, "మావాడు అలాంటోడు కాదు డాక్టరమ్మగారూ, కాస్త సరిగ్గా చూడండమ్మా" అంది.

నేను కోసి చూశాను. దవడ కింద నీరు దిగి ఉబ్బింది. కనురెప్పల లోపల ఎరుపు అన్నదే లేదు. నెమరేసే జంతువుకి ఉండే నాలుగు పొట్టల్లో చివరిదాని గోడ నిండా వెంట్రుకల్లాంటి నట్టలు, కడుపులో బతికే పురుగులు. పేగుల్లో ఇంకో రకం. ఎముక విరిస్తే మూలగ నీళ్లలా జారింది. ఒంట్లో కొవ్వు మొత్తం కరిగిపోయాకే మూలగ అలా అవుతుంది. అంటే ఆ దుప్పి చాలా రోజులుగా చిక్కిపోతూ వచ్చింది.

"పురుగుల మందు కాదండీ, పురుగులు. తిండి లేకపోవడం" అన్నాను. అయినా నా మాట ఒక్కటే సరిపోదని, పొట్టలోది సీసాలో పట్టి విజయవాడ ల్యాబ్‌కి పంపించాను. విషం లేదని జవాబు వచ్చింది. ఆవిడ కొడుకుని రేంజర్ గారు అంతకుముందే ఇంటికి పంపేశారు.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. బతికున్న దుప్పుల పెంటికలు, అదే గట్టు మీద మేసే మేకల పెంటికలు తెచ్చి మైక్రోస్కోపు కింద పెట్టాను. రెండింట్లోనూ ఒకే తీరు నట్టల గుడ్లు. గడ్డి మిగిలింది ఆ గట్టు మీదే కాబట్టి అన్నీ అక్కడే మేశాయి. ఆ మేకల్లో ఎక్కువ ఆ పెద్దావిడవే.

విషయం చెప్తే ఆవిడ ముఖం వాడిపోయింది. "అయితే మా మేకలే చంపాయంటారా?"

"అలా అనలేనమ్మా. దుప్పుల నుంచి మీ మేకలకి వచ్చాయో, మేకల నుంచి వాటికి వెళ్లాయో ఎవరూ చెప్పలేరు. కానీ మేకలకి మందు తాగించగలం. దుప్పులకి తాగించలేం."

రేంజర్ గారు ఉప్పుగడ్డల్లో మందు కలిపి అడవిలో పెడదామన్నారు. నేను ఒప్పుకోలేదు. ఏ దుప్పి ఎంత నాకుతుందో తెలియదు. చాలీచాలని మోతాదు పడితే ఆ మందుకి లొంగని నట్టలే మిగులుతాయి. మేకలన్నిటికీ మందు వేసి, వానలు పడేదాకా ఆ గట్టు దుప్పులకే వదిలేయాలన్నాను.

"మరి మావి ఎక్కడ మేయాలండీ?" అని అడిగింది ఆవిడ.

రేంజర్ గారు, ఊరి వైపు కాలువగట్టు మీద మేపుకోనిచ్చేలా పంచాయతీ వాళ్లతో మాట్లాడతానన్నారు. మాట్లాడారు కూడా, నేను మేకలన్నిటికీ మందు తాగించాను. ఆ కాలువగట్టు చాలా దూరం. ఆవిడ ఎండలో నడిచి వెళ్తుంటే చూసి నాకు బాధేసేది. ఎప్పుడూ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదేమో.

వానలు మొదలయ్యేలోపు ఇంకొన్ని దుప్పులు పోయాయి. ఆ తర్వాత గడ్డి లేచింది, చావులు ఆగాయి. మళ్లీ పెంటికలు తెప్పించి చూశాను.

"ఇంకా ఉన్నాయా?" అన్నారు రేంజర్ గారు నా పక్కన నిలబడి.

"తగ్గాయి. కానీ ఉన్నాయండీ. ఎప్పుడూ ఉంటాయి."

కాలేజీలో చదువుకున్నప్పుడు నట్ట అంటే జబ్బు అనే అనుకున్నాను. కానీ కడుపులో నట్టలు పెట్టుకునే పరిగెత్తుతూ, పిల్లల్ని కంటూ బతికేస్తుంది అడవి జంతువు. మేత కరువై, చోటు ఇరుకైనప్పుడే ఆ లెక్క తప్పుతుంది. ఆ గుడ్లు చూస్తూ నేను అనుకున్నది అదే. ఆరోగ్యం అంటే లోపల ఏమీ లేకపోవడం కాదు, ఉన్నదాన్ని మోయగల సత్తా ఉండటం.

రెండువేల సంవత్సరం దాటాక నాకు పామర్రు వైపు బదిలీ అయింది. బయల్దేరే ముందు జాలరిపేటకి వెళ్లాను. మేకలు తిరిగి గట్టెక్కాయి. కానీ ఆవిడ రెండో పక్క దుప్పులకి వదిలి, వాటిని ఒక పక్కకే మళ్లిస్తోంది.

"దుప్పులు వానల వల్ల తేరుకున్నాయో, మేకలకేసిన మీ మందు వల్లో నాకు తెలీదమ్మా" అంది.

"నాకూ తెలీదు" అన్నాను. అది నిజమే. ఇప్పటికీ తెలీదు.