కూర్మమ్మ ఇంజను, గోపి ప్రళయం

లోకం అంతమైపోయాక ఒకే ఒక్క బండి మిగులుతుందనీ, ఆ బండి తనకు చేసిపెట్టాలనీ గోపి వచ్చి అడిగినప్పుడు కృపానిధి ఒక పంపుసెట్టు ఇంజను హెడ్డు విప్పి వాల్వులు రుద్దుతున్నాడు. తలెత్తలేదు.

"అంతా పోయాక డీజిలెక్కడిదిరా?" అని మాత్రం అడిగాడు.

"అదే కదా మావా కథ! డీజిలు కోసం, మంచినీళ్ల కోసం కొట్టుకు సస్తారు."

"ఇప్పుడూ అదే కదా సేస్తన్నారు. దానికి ప్రళయమెందుకు?"

గోపి నవ్వి అక్కడే ఓ డబ్బా మీద కూర్చున్నాడు. అతనిది గజపతినగరం. పెళ్లిళ్లకు వీడియోలు తీస్తాడు. తాళిబొట్టు కట్టే క్షణాన ఎవరో ఒకరు కెమెరాకు వీపు అడ్డం పెట్టే బతుకుతో విసిగిపోయి, సొంతంగా ఒక సినిమా తీయాలని బయల్దేరాడు. ఎడారి కావాలి. ఎడారికి వెళ్లే స్తోమత లేదు. రైల్లోంచి నౌపడ ఉప్పుమడులు చూశాడు. చెట్టు లేదు, ఇల్లు లేదు, కనుచూపు మేర తెల్లటి నేల. ప్రళయం అయిపోయినట్టే ఉంది. ఇక దిగిపోయాడు.

కృపానిధి షెడ్డు రైలు గేటుకు అవతల, మడులకు వెళ్లే దారి మొదట్లో ఉంటుంది. వాళ్ల నాన్న బాప్టిస్టు చర్చిలో గంట కొట్టేవాడు. కొడుకును పాస్టరుగా చూడాలనుకున్నాడు. ఒక క్రిస్మసు ముందు చర్చి జనరేటరు ఆగిపోతే, పెద్దవాళ్లు ప్రార్థనలో ఉండగా కుర్రవాడు దాన్ని విప్పేశాడు. మళ్లీ బిగించాక జనరేటరు నడిచింది గానీ ఒక వాషరు చేతిలో మిగిలిపోయింది. అది ఎక్కడిదో తెలియక నిద్రపట్టలేదు. పండుగ అయ్యాక మళ్లీ విప్పి, దాని చోటు కనుక్కుని బిగించాడు. అతని చదువంతా ఆ పద్ధతిలోనే సాగింది. అప్పటినుంచి ఆ చుట్టుపక్కల ఆగిపోయిన ప్రతి ఇంజనూ అతని దగ్గరికే వస్తుంది.

అయితే అవన్నీ ఎవరో చేసినవి. ఎవరో పాడుచేసినవి. అతను బాగుచేసినవి. "నువ్వొక బండి మొదట్నించీ కట్టు మావా" అని అడిగినవాడు అంతకుముందు ఎవడూ లేడు. గోపిని తిట్టి పంపకపోవడానికి కారణం అదొక్కటే. లేకపోతే అంత మాటకారిని ఆ షెడ్డులో టీ తాగేంతసేపు కూడా ఉండనివ్వడు.

గోపి తెచ్చిన పాత గూడ్సు ఆటోకు చక్రాలున్నాయి, ఇరుసులున్నాయి, ఇంజను చచ్చిపోయింది. ఇంకో ఇంజను కొనే మాట ఎత్తితే గోపి ఆకాశంలోకి చూశాడు. షెడ్డులో బాగై సిద్ధంగా ఉన్నది ఒక్కటే ఇంజను. అది కూర్మమ్మది.

కూర్మమ్మ ఉప్పుమడులు కౌలుకు చేస్తుంది. కాలువలోంచి ఉప్పునీరు పెద్ద మడిలోకి తోడి ఎండకు వదిలేస్తుంది. అది రోజురోజుకీ ముదిరి చిక్కబడుతుంది. ముదిరాక చిన్న మడుల్లోకి తోడాలి, అక్కడే ఉప్పు పూస్తుంది. ముదిరిన నీరు తోడటంలో ఆలస్యమై, ఈలోగా వాన పడితే ఎండలో కాగిన నీరు మళ్లీ ఉత్త నీరైపోతుంది. అప్పటికి ఎండాకాలం చివరికొచ్చింది. పెద్ద మడిలో ఉన్నదే ఆ ఏటికి ఆఖరి నీరు. దాన్ని తోడాల్సింది ఈ ఇంజనే.

"అప్పా, బిగించీసినాను గానీ నాలుగు రోజులు బరువు మీద నడిపి సూడాల" అన్నాడు కృపానిధి, అక్క వరస పెట్టి పిలుస్తూ.

"బరువు మీదా? ఆ గెంతులోడి సినిమాలోనా?" కూర్మమ్మకు అప్పటికే ఊరంతా చెప్పేసింది. "సూడరా నిధీ, నా నీరింకా ముదర్నేదు. ముదిరిన రోజు కబురెడతాను. ఆ పూటే నా ఇంజను నా గట్టు మీదుండాల. ఒట్టెయ్యి."

"మేం ఒట్లెయ్యం అప్పా. మాటిస్తన్నాను."

"ఒట్టెయ్యనోడి మాట ఏటి నమ్మీది!" అని గొణుగుతూనే ఒప్పుకుంది.

బండి తయారైంది. ముందు భాగంలో పంపు ఇంజను, దాన్నుంచి వెనక ఇరుసుకు బెల్టు, బెల్టు బిగించడానికి ఒక లివరు, చుట్టూ మూలపడ్డ డ్రమ్ముల రేకులు, ఇనుప చువ్వలు. చూస్తే భయమేసేలా ఉంది. అక్కడితో ఆగితే బాగుండేది. గోపి బండి చుట్టూ తిరిగి పెదవి విరిచాడు.

"వెల్డింగు మరీ సుబ్బరంగా ఉన్నాది మావా. లోకం పోయినాక ఎవుడో అతికించినట్టు గరుగ్గా ఉండాల."

"గరుగ్గా కావాలంటే ఇంకోడి దగ్గరికెల్లు. లోకం పోతే సెయ్యి కూడా పోతాదేటి?"

వెల్డింగు అలాగే ఉండిపోయింది. తుప్పు దగ్గర మాత్రం గోపి వినలేదు. ఇటుకపొడి, టీ డికాషను, జిగురు కలిపి, తన చేతులతోనే ఎండలో కూర్చుని రోజంతా పూశాడు. రేకు రేకుకీ వేరే రంగు, వాన కారినట్టు చారలు. పనితనం ఉంది, ఒప్పుకోవాలి. కృపానిధి మాత్రం అటు చూడలేకపోయాడు. ఆ ఉప్పుగాలిలో బతుకంతా తుప్పుతో కొట్లాడినవాడు. కొత్త మేకును గోడకు కొడితే వానాకాలానికి పొడైపోయే ఊరు అది.

షూటింగు మొదలైంది. ప్రళయం నుంచి బయటపడ్డ జనం గోనెసంచులు కట్టుకుని, మెడలో సైకిలు ట్యూబులు వేసుకుని తిరిగారు. హీరో మోహనకృష్ణకు సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. లివరు లాగమంటే లాగుతాడు, కోపంగా చూడమంటే చూస్తాడు, రెండూ ఒకేసారి మాత్రం చేయలేడు. బండి దుగుదుగుమంటూ మనిషి నడిచినంత వేగంతో వెళ్లింది.

"ఇదేటి పరుగురా?" అన్నాడు కృపానిధి.

"ఎడిటింగులో పరిగెట్టిస్తాను మావా."

"అయితే ఇంజనెందుకు తెచ్చినావు? ఎడిటింగులోనే పెట్టీకపోయావా?"

కానీ గోపి బోర్లా పడుకుని, కెమెరాను నేలకు ఆనించి తీసింది చూపించినప్పుడు కృపానిధి చేతిలోని స్పానరు కింద పెట్టి ముందుకు వంగాడు. రోజూ సైకిలు తొక్కే గట్టు అంతులేని దారిలా ఉంది. దూరంగా ఉన్న కరెంటు స్తంభం ఎక్కడికి పోయిందో తెలియలేదు. తను చేసిన బండి ఆకాశమంత ఎత్తున వస్తోంది. "మళ్లొకసారి సూపించు" అన్నాడు. చూసి, ఎడమవైపు రేకు అదురుతోందని వెళ్లి బిగించాడు.

ఆ సాయంత్రం బండిని షెడ్డు దగ్గర వదిలి అందరూ వెళ్లిపోయారు. కృపానిధి చర్చి మీటింగుకు వెళ్లాడు. అతని భార్య లీలారాణి ఇంట్లోంచి బయటికొచ్చి బండిని చూసింది. అంతే.

నౌపడలో మడుల్లోకి వెళ్లొచ్చిన ఇనుము ఏదైనా దీపాలు పెట్టే వేళకు మంచినీళ్లతో కడగాలి. సైకిలైనా, పారైనా, పలుగైనా. ఇది ఎవరూ ఎవరికీ నేర్పేది కాదు, అన్నం తిన్న చేయి కడుక్కున్నట్టే. లీలారాణి కుళాయి నీళ్లు బిందెలతో మోసి, కొబ్బరిపీచుతో రేకులన్నీ తోమింది. గోపి రోజంతా పూసిన తుప్పు కాలువలోకి పోయింది. ఆరాక గుడ్డతో నూనె రాసింది. పొద్దున కృపానిధి లేచి చూశాడు. బండి ధగధగలాడుతోంది. అతనికి ఏ లోపమూ కనిపించలేదు. పైగా మొదటిసారి బండి బండిలా ఉందనుకున్నాడు.

గోపి వచ్చి నేల మీద కూలబడ్డాడు.

"అత్తా! ఏటి సేసీసినావు?"

"కడిగినాను. ఉప్పులో తిరిగొచ్చిన బండిని కడక్కుండా వదిలీమంటావేటి?"

"అది తుప్పు అత్తా!"

"మరందుకే కదయ్యా కడిగింది!"

గోపి మావ వైపు చూశాడు. మావ ఆకాశం వైపు చూశాడు.

మళ్లీ ఇటుకపొడి, మళ్లీ డికాషను. చారలు నిన్నటిలా రాలేదు. నిన్న తీసిన దానికీ ఇవాళ్టిదానికీ పొత్తు కుదరదు, ఒకే పరుగులో బండి రెండు రంగులుగా కనిపిస్తుంది. మొత్తం పరుగు మళ్లీ తీయాల్సిందే. మోహనకృష్ణ దుకాణం మూసి రావడం కుదరక ఒకరోజు పోయింది. గోనెసంచుల జనంలో సగంమంది కూలికి వెళ్లిపోయి ఇంకో రోజు పోయింది. ఈలోగా పడమట మబ్బు పట్టడం మొదలైంది.

కూర్మమ్మ దగ్గరనుంచి ఒక ఉదయం కబురొచ్చింది: నీరు ముదిరింది, ఇంజను తెమ్మంది.

అప్పటికి మిగిలింది చివరి పరుగు ఒక్కటే. హీరో మంచినీళ్ల డ్రమ్ముతో గట్టు చివరికి చేరాలి. కృపానిధి కబురు తెచ్చిన మనిషితో "సాయంత్రానికి తెస్తానని సెప్పు" అన్నాడు. మాటిచ్చింది ఆ పూటకని అతనికి గుర్తుంది. కానీ ఆ బండి ఆగకుండా గట్టు చివరిదాకా పోవడం చూడాలని గోపి కంటే అతనికే ఎక్కువగా ఉంది. మోహనకృష్ణ లివరు లాగాడు, కోపంగా చూడటం మరిచిపోయాడు. మళ్లీ తీశారు. కోపంగా చూశాడు, లివరు వదిలేశాడు. బండి ఆగింది. మళ్లీ తీశారు.

నాలుగోసారో ఐదోసారో కెమెరా ముందుకు కూర్మమ్మ నడిచొచ్చింది. గోపి "కట్" అని అరిచాడు. ఆమె ఆగలేదు. నేరుగా కృపానిధి దగ్గరికొచ్చి, కుడిచేయి అతని ముఖం ముందు చాపింది.

"మడిలో ముంచి బయల్దేరినాను. సూడు."

నడిచొచ్చినంతలోనే ఆ అరచేతి గీతల్లో ఉప్పు పూసి ఉంది. ఆమె తిట్టినా బాగుండేది. కృపానిధి పడమటివైపు చూశాడు. మబ్బు కింద అంచు నల్లబడింది. సంచిలోంచి స్పానర్లు తీసి ఇంజను బోల్టులు విప్పడం మొదలుపెట్టాడు.

"మావా! ఒక్క పరుగు! క్లైమాక్సు మావా!"

"అడ్డం నెగు, పక్కకెల్లు."

"ఒక్క గంట ఆగితే ఏటౌద్ది పెద్దమ్మా?"

"నువ్వాగు నాయనా గంటసేపు, మాటాడకుండా" అంది కూర్మమ్మ.

ఇంజనుకు వెదురుబొంగు దూర్చి, గోనెసంచుల జనమే భుజానెత్తుకుని మడి గట్టుకు మోశారు. పంపుకు తగిలించి హ్యాండిలు తిప్పితే ఇంజను దగ్గి ఆగిపోయింది. మళ్లీ తిప్పితే మళ్లీ దగ్గింది. సినిమా దుమ్మంతా డీజిలు ఫిల్టరులోకి చేరింది. కృపానిధి అక్కడే కూర్చుని, గోపినీ సినిమానూ తననూ వరసగా తిట్టుకుంటూ, ఫిల్టరు విప్పి కడిగి, గొట్టంలో గాలి తీసేశాడు. కూర్మమ్మ అతని నెత్తిమీదే నిలబడి ఉంది. ఈసారి తిప్పితే అందుకుంది. గొట్టం చివర నురగ వచ్చింది, ఆ వెనకే చిక్కటి నీరు చిన్న మడిలోకి దూకింది.

అవతలి గట్టు మీద గోపి ఊరుకున్నాడా? ఇంజను లేని బండికి తాడు కట్టించి, మోహనకృష్ణను లాగమన్నాడు. అతను చెప్పులు తీసేసి, ఉప్పునేలలో కాళ్లు దిగబడుతుంటే లాగాడు. బరువుకు మొహం దానంతటదే కోపంగా మారింది. గోపి కెమెరా నేలకు ఆనించి తీస్తూ ఇటు తిరిగి కేకేశాడు.

"మావా, ఇంజను సౌండొస్తన్నాది! రెండు నిమిషాలాపు!"

"ఆ మబ్బునాపు ముందు" అని కూర్మమ్మే కేకేసింది. "అదాగితే నానూ ఆపుతాను!"

ఇంజను చీకటిపడేదాకా ఆగలేదు. ఆ మబ్బు ఆ రాత్రి కురవకుండానే దాటిపోయింది; తర్వాతి ఎండలకు ఆ నీరు ఎండి ఉప్పైంది. రాశులు పోసి, పైన తాటాకు కప్పిన మర్నాడే వాన కుమ్మేసింది. పక్క మడివాళ్లకు మిగిలింది నీళ్లే.

సినిమా వానాకాలంలో ఫోన్లలోకి వచ్చింది. ఎక్కడెక్కడివాళ్లో చూశారు. డబ్బు లేకుండా తీసిన సంగతి కనిపిస్తూనే ఉంది: గోనెసంచుల మీద బియ్యం బ్రాండు పేరు కూడా తుడవలేదు. అదే బాగుందన్నారు. అన్నిటికంటే చివరి దృశ్యం బాగుందన్నారు. అంతా పోయినా ఎక్కడో కనిపించని యంత్రం ఒకటి గుండెలా కొట్టుకుంటోందట, మనిషి తన బండిని తనే లాక్కుపోతున్నాడట. ఇంకా చాలా రాశారు. గోపి అవన్నీ పెద్దగా చదివి వినిపించాడు.

"బండి నడిచిన షాట్లు ఎవుడూ సూడ్నేదేట్రా?" అని అడిగాడు కృపానిధి. అంత కష్టపడి బెల్టు కుదిర్చితే, లాగిన తాడును మెచ్చుకుంటున్నారు.

గోపి కూర్మమ్మ ఇంటికి కూడా వెళ్లి ఫోను చూపించాడు. తోడుగా కృపానిధిని లాక్కెళ్లాడు. ఆమె చివరిదాకా చూసింది. బండి లాగే దగ్గర ఫోను చెవికి ఆనించుకుని విన్నది.

"ఇంజను నా ఇంజనే. బాగానే కొడతన్నాది" అంది. ఫోను తిరిగిచ్చేస్తూ, "నీరు తోడింది సూపించినావు కాదు, ఉప్పు పూసింది సూపించినావు కాదు. మరింతసేపూ ఏటి తీసినావురా నాయనా?" అని అడిగింది.

గోపి కృపానిధి వైపు తిరిగాడు, ఏదైనా చెప్తాడేమోనని.

"ఈసారి సొంత ఇంజను తెచ్చుకో" అన్నాడు కృపానిధి.