గొలుసుకి వేసిన తాళం

మా కుక్క బేరంలో కొసరుగా వచ్చింది. లంకలో కొబ్బరితాడు పేనించి అమ్మే ఆసామి దగ్గర తాడు చుట్టలు తీసుకుంటున్నాను. ఆయన ధర దగ్గర ఒక్క మెట్టు కూడా దిగనన్నాడు. ఉత్త చేతులతో బేరం ముగించడం నాకు అలవాటు లేదు. అరుగు కింద ముడుచుకుని ఉన్న గోధుమరంగు కుక్కకూనను చూపించి, "అయితే ఆ కుక్కపిల్లనైనా పడెయ్యండి" అన్నాను. ఆయన నవ్వి, తాడు చుట్టల మీద కూర్చోబెట్టి పంపించాడు. నేనే గెలిచానని రాజోలు దాకా మురుస్తూ వచ్చాను.

మా నాన్నగారిది సెంటర్లో తాళ్ళు, గొలుసులు, తాళంకప్పలు, బకెట్లు అమ్మే కొట్టు. ఆయన తర్వాత అది నాకు వచ్చింది, ఆయన నోరు కూడా వచ్చింది. మా ఇంట్లో పిల్లలకు నడక కన్నా ముందు బేరం వస్తుంది. పెళ్ళి ముహూర్తాన్ని కూడా రెండు రోజులు వెనక్కి జరిపించానని మా ఆవిడ ఇప్పటికీ చుట్టాలకు చెబుతుంది.

కొబ్బరితాడు నిలవ చెయ్యడానికి ఊరి చివర ఒక షెడ్డు తీసుకున్నాను. ఏటిగట్టుకు అవతల, ఏటి వైపు. గట్టుకు ఇవతల ఉన్న షెడ్లన్నిటి కన్నా అద్దె తక్కువ. ఎందుకు తక్కువో అడగలేదు. తక్కువైనదాన్ని ఎందుకని అడిగితే ఎక్కువవుతుందని మా నాన్నగారి లెక్క. కుక్క పెద్దదయ్యాక దాన్ని అక్కడ కాపలా పెట్టాను.

అదే ఏడు పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళి పిచ్చికుక్క రోగం రాకుండా సూది వేయించాను. నా మంచితనం గురించి చెప్పుకోవలసింది అంతవరకే. డాక్టరుగారు చీటీ రాస్తూ, "మళ్ళీ ఏడాదికి తీసుకురండి, ఏటా వెయ్యాలి" అన్నారు.

"ఏడాదికోటా అండి? రెండేళ్ళకోటి వేస్తే సరిపోదాండి? బయట తిరిగే కుక్క కాదండి, కట్టేసే ఉంచుతాం."

ఆయన తల ఎత్తలేదు. "మీ బేరం రోగానికి తెలీదు కదండీ."

ఆయ్ అని తలూపి వచ్చేశాను. మరుసటి ఏడు వెళ్ళలేదు. ఆ పైయేడు గుర్తే లేదు. డాక్టరుగారు ఒప్పుకోని బేరాన్ని నాకు నేనే ఒప్పుకున్నాను.

షెడ్డుకు ఎదురుగా ఒకావిడ పాక ఉండేది. వయసులో మా పిన్ని అంత ఉంటుంది కాబట్టి పిన్నీ అనే పిలిచేవాణ్ణి. కొబ్బరిపీచు తీసేది, నాలుగు మేకల్ని పెంచేది. మధ్యాహ్నం తన గంజిలో కొంత మా కుక్కకు పోసేది. నేను రోజూ పొద్దున్నే వెళ్ళి కుక్కను విప్పి కాసేపు గట్టు మీద తిప్పి, అన్నం పెట్టి, మళ్ళీ కట్టేసేవాణ్ణి.

ఒక వేసవిలో ఆ చుట్టుపక్కల చిల్లర దొంగతనాలు మొదలయ్యాయి. పక్క బియ్యం మిల్లులో కుక్కను వదిలేసి, దాని గొలుసు పట్టుకుపోయారు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. కొట్లోంచి మంచి ఉక్కు గొలుసు తెచ్చి, ఒక కొసను షెడ్డు స్తంభానికి మేకులతో దిగగొట్టించాను. రెండో కొసను కుక్క మెడ చుట్టూ తిప్పి తాళంకప్ప వేశాను. మెడకు తోలుపట్టీ పెట్టవచ్చు. కొట్లో పట్టీలు వేలాడుతూనే ఉన్నాయి. కానీ అమ్మే సరుకును వాడుకోవాలంటే మాకు ప్రాణం ఒప్పదు. తాళంచెవి నా గుత్తిలో చేరింది.

పిన్ని వచ్చి చూసింది. మెడ దగ్గర గొలుసు కింద వేలు పెట్టి లాగి చూసింది.

"కుక్కకి తాళమేంటండీ షావుకారుగారూ?"

"దొంగలు తిరుగుతున్నారు కదా పిన్నీ."

"మాకిక్కడ ఏరు కూడా తిరుగుతాదండి. మా మేకలకి చూడండి, ఓ కొస లాగితే ఊడొచ్చే ముడేస్తాం. నీళ్ళొస్తే ముందు కట్లు విప్పుకోవాల. ఏరు చెప్పి రాదు కదండీ."

"దొంగ కూడా చెప్పి రాడు."

"ఆయ్. మీ కుక్క, మీ తాళం" అని వెళ్ళిపోయింది.

నిజానికి లంక వైపు మనుషులందరికీ ఆ ముడి చేతుల్లోనే ఉంటుంది. చీకట్లోనైనా, నీళ్ళలోనైనా ఒక్క లాగుకు విడిపోతుంది. కొట్లో పెరిగిన నాకు వచ్చిన ముడి వేరు. అది మూట కట్టే ముడి, ఊడకూడని ముడి.

రెండువేల సంవత్సరం దాటాక, ఒక ఆగస్టులో గోదావరి పొంగింది. ధవళేశ్వరం దగ్గర హెచ్చరికలు ఒకదాని తర్వాత ఒకటి పెరుగుతున్నాయని రేడియోలో చెబుతూనే ఉన్నారు. ఆ ఉదయం నేను తాళంకప్పల కోసం అమలాపురం వెళ్ళవలసి ఉంది. టోకు వ్యాపారి పాత సరుకు తీసేస్తున్నాడని కబురు. బస్సు వేళైపోతోందని షెడ్డుకు వెళ్ళలేదు. కుక్కను విప్పలేదు. మధ్యాహ్నానికి వచ్చేస్తాను కదా అనుకున్నాను. తాళంచెవుల గుత్తి నా జేబులోనే ఉంది.

పది దాటాక అమలాపురంలో బేరం మధ్యలో ఉండగా ఫోను మోగింది. ఎవరిదో ఫోను తీసుకుని పిన్ని చేసింది.

"షావుకారుగారండీ, నీళ్ళు మా పాక గుమ్మంలోకి వచ్చేసేయండి. అందరం గట్టెక్కేస్తన్నాం. మీ కుక్క తాళం ఎక్కడండి?"

"నా దగ్గరే ఉంది పిన్నీ. వచ్చేస్తున్నాను."

"బేగీ రండి."

నేను చేరేసరికి ఒంటిగంట దాటింది. గట్టు మీద పశువులు, మంచాలు, సామాన్ల మూటలు. అవతల వైపు నేలన్నది లేదు. మా షెడ్డు రేకుల కప్పు, దాని కింద రెండు మూరల ఎత్తు గోడ కనబడుతున్నాయి. పిన్ని గట్టు మీద తడిచీరతో కూర్చుని ఉంది. కుడి మోచేతి కింద గుడ్డ చుట్టుకుంది. గుడ్డ ఎర్రగా ఉంది.

మేకల్ని గట్టెక్కించి ఆవిడ మళ్ళీ నీళ్ళలోకి దిగిందట. ముందు రాయితో తాళాన్ని కొట్టింది. అది పగలలేదు. ఎంత కొట్టినా పగలదని చెప్పి నేను వందమందికి అమ్మిన రకం అది. తర్వాత కొడవలితో స్తంభం దగ్గర మేకులు పెకలించబోయింది. చివరికి గొలుసును తల మీదుగా లాగేద్దామని చూసింది. చెవుల దగ్గర బిగుసుకుని ఊపిరాడక కుక్క ఆవిడ చేతిని కరిచింది. అయినా ఆవిడ వదిలిపెట్టలేదు. తాడు చుట్టలు ఒకదాని మీద ఒకటి పేర్చి, కుక్కను పైకెత్తి కూర్చోబెట్టి, నీళ్ళు నడుము దాటాక పడవవాళ్ళు కేకలేస్తే బయటికి వచ్చింది.

"బతికే ఉందండి. ఇందాకటిదాకా మూలుగు వినబడింది" అంది. చేతి సంగతి ఎత్తలేదు.

జనాన్ని చేరవేస్తున్న నాటుపడవ అతను నన్ను చూసి, "కుక్క కోసం అడ్డంగా పడవ తిప్పమంటారాండి?" అన్నాడు. జీవితంలో మొదటిసారి బేరమాడకుండా జేబులో చెయ్యి పెట్టాను. గుత్తి చూపించాను. అతను పిన్ని వైపు చూశాడు. "ఎక్కండి. ఆవిడ కోసం తిప్పుతాను."

పడవ కదులుతుంటే పిన్ని గట్టు మీంచి అరిచింది. "ముందు మూతికి తువ్వాలు కట్టండి. బెదిరిపోయుంది, మిమ్మల్నీ ఎరగదు."

షెడ్డు లోపల కుక్క అన్నిటికన్నా పై చుట్ట మీద నిలబడి ఉంది. నీళ్ళు దాని పొట్టకు తగులుతున్నాయి. గొలుసు పొడుగంతా అయిపోయి మెడను కిందికి లాగుతోంది. అది మొరగలేదు. పడవతను వెనకనుంచి పట్టుకుంటే, తువ్వాలుతో మూతి చుట్టాను. ఆ తర్వాత తాళంచెవి దొరకలేదు. గుత్తిలో ఒకే పోలికలో పద్నాలుగు చెవులున్నాయి. కొట్లో ఏ చెవి దేనిదో కళ్ళు మూసుకుని చెప్పగలనని గొప్పలు పోయేవాణ్ణి. నీళ్ళలో తడుముతుంటే ఏది ఏదో తెలియలేదు. నాలుగోదో అయిదోదో తిరిగింది.

గట్టెక్కగానే మూతికున్న తువ్వాలు వదులు చేశాను. అది ఊపిరి తీసుకోవాలి కదా. జనం మూగారు. కరిచిన కుక్కను ఉంచకూడదని ఒకాయన కర్ర అందుకున్నాడు. "పిచ్చిదో ఏంటో, కొట్టి పారేయండి." అప్పుడే బడిలో పెట్టిన పునరావాస శిబిరం నుంచి నర్సమ్మగారు వచ్చారు. కర్ర పట్టుకున్న చేతిని పక్కకు తోసి, "దాన్ని చంపితే ఈవిడకి ఏం జరుగుతుందో మనకెలా తెలుస్తుందండి? పది రోజులు బతికుంచి చూడాలి. ఎవరూ ముట్టుకోవద్దు" అన్నారు. పిన్నిని బోరింగు దగ్గర కూర్చోబెట్టి, సబ్బు రుద్దుతూ పావుగంట సేపు గాయం మీద నీళ్ళు కొట్టించారు. కొడుతున్నది నేనే. కట్టు కట్టలేదు. పసుపు రాయబోయిన ఒకావిడను వారించారు.

తర్వాత నా వైపు తిరిగారు. "కుక్కకి సూది వేయించేరాండి?"

వేయించామండి అనబోయాను. అది అబద్ధం కూడా కాదు. సగం నిజాన్ని పూర్తి సరుకుగా అమ్మడం మా పని. పిన్ని నన్నే చూస్తోంది.

"మూడేళ్ళయిందండి. ఒక్కసారే."

నర్సమ్మగారు పెన్ను తీశారు. కాగితం మీద రాసుకున్నారు. ఆ సాయంత్రమే పెద్దాసుపత్రిలో పిన్నికి మొదటి సూది పడింది. మొత్తం ఐదు. ఏ రోజు ఏదో ఒక చిన్న కార్డు మీద రాసిచ్చారు.

కుక్కను మా పెరట్లో, స్నానాలగది పక్కన ఎవరూ రాని మూల కట్టాను. తోలుపట్టీ, తాడు. మొదటిసారి కొట్లోంచి పట్టీ తెచ్చుకున్నాను. పిల్లల్ని అటు వెళ్ళనివ్వలేదు. కంచం కర్రతో తోసేవాణ్ణి. నీళ్ళు తాగుతోందా, గొంతు మారిందా, చొంగ కారుతోందా, ఎవరినైనా చూసి మీదికి వస్తోందా అని పశువుల డాక్టరుగారు చూడమన్నవన్నీ చూసేవాణ్ణి. ఆయన నన్ను గుర్తుపట్టారు. పాత మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే బావుండేది.

పిన్ని రోజూ మధ్యాహ్నం శిబిరం నుంచి నడిచి వచ్చేది. పెరటి గుమ్మం దగ్గరే నిలబడేది.

"తాగిందాండి?"

"తాగింది."

"ఆయ్" అని వెళ్ళిపోయేది. కుక్క తోక ఊపితే తిరిగి చూసేది కాదు.

ఐదో రోజు అది అన్నం ముట్టలేదు. నీళ్ళ గిన్నె వైపు చూసి తల తిప్పుకుంది. మధ్యాహ్నం పిన్ని వచ్చి అదే మాట అడిగింది. నేను నిండుగా ఉన్న గిన్నెను చూపించాను. ఆవిడ గుమ్మంలో కూర్చుండిపోయింది. మా ఆవిడ మజ్జిగ ఇస్తే పట్టుకుంది గాని తాగలేదు. గ్లాసు మీద పెట్టిన ఆవిడ వేళ్ళనే చూస్తూ నేను నిలబడ్డాను. గ్లాసు కింద పెట్టి, "నాకేమన్నా అయితే మేకల్ని మా ఆడపడుచుకి ఇమ్మనండి. నల్లదాన్ని మాత్రం ఎవరికీ అమ్మొద్దు" అంది.

డాక్టరుగారు వచ్చి దూరం నుంచే చూశారు. మెడ చుట్టూ గొలుసు కోసుకుపోయిన చోట పుండైంది. మింగలేకపోతోంది. మందిచ్చారు. "ఇంకా ఏమీ చెప్పలేనండి. చూడాలి" అన్నారు. మర్నాడు సాయంత్రం అది గిన్నెడు గంజి తాగింది. నేను పరుగున శిబిరానికి వెళ్ళి చెప్పాను. పిన్ని తల ఊపి, పీచు పనిలోకి తిరిగింది.

పదో రోజు గడిచింది. కుక్క మామూలుగా ఉంది. డాక్టరుగారు దానికి సూది వేశారు. ఏడాదికోటి అన్నారు. ఆయ్ అన్నాను, ఈసారి ఆ మాటకు అర్థం ఉంది. పిన్ని మిగిలిన సూదులు కూడా వేయించుకుంది. ప్రతిసారీ నేను వెంట వెళ్ళాను.

షెడ్డు గట్టుకు ఇవతలికి మార్చాను. లాగితే విడిపోయే ముడిని పిన్నే నేర్పింది. కొట్లో గల్లాపెట్టె దగ్గర తాడు ముక్కతో వారం రోజులు సాధన చేశాను. మూట ముడి అలవాటైన వేళ్ళకు అది ఒక పట్టాన పట్టుబడలేదు. ఇప్పటికీ ఎవరైనా కుక్క గొలుసుకని తాళంకప్ప అడిగితే, అమ్మను. తాడు తీసి ముడి చూపిస్తాను. "తాళమడిగితే పాఠం చెబుతాడు" అని సెంటర్లో నా గురించి అనుకుంటారని తెలుసు.

ఒకటి చెప్పకుండా దాటేశాను. ఇంతవరకూ రాసినదాంట్లో ఫోను పదిగంటలు దాటాక వచ్చిందని ఉంది. రాజోలు చేరేసరికి ఒంటిగంట దాటిందని ఉంది. వరద రోజైనా దారికి అంత సేపు పట్టలేదు. ఫోను పెట్టేశాక నేను వెంటనే లేవలేదు. బేరం కొసకు వచ్చింది, అప్పుడు లేస్తే మొదటికొస్తుంది. ఇంకో పది నిమిషాలనుకుని అరగంట పైన కూర్చున్నాను. ఆ అరగంటలోనే పిన్ని రాయి పట్టుకుని తాళాన్ని కొడుతోంది.

ఐదో సూది వేయించి ఆసుపత్రి మెట్ల మీద కూర్చున్నప్పుడు ఆ సంగతి ఆవిడకు చెప్పాను. సూదుల కార్డు ఆవిడ చేతిలోనే ఉంది. కార్డును మడిచి, జాకెట్టులో పెట్టుకుంది.

"బేరం కుదిరిందాండి మరి?"

"కుదిరింది పిన్నీ."

"ఆయ్" అంది. చెయ్యి మీద మచ్చను కొంగుతో కప్పుకుని లేచింది. "పదండి, బస్సొచ్చే వేళైంది. మేకల్ని కట్టేసి వచ్చేను, పోయి విప్పుకోవాల."