గుట్ట గడ్డి దిగివచ్చిన ఏడు

గౌలిపురలో కోడలిగా అడుగుపెట్టాక నాకు మొదట అబ్బిన విద్య గడ్డి వాసన. మా అత్త మోపులోంచి పిడికెడు పీకి, ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇది ఏటి గడ్డి, ఇది గుట్ట గడ్డి" అని తేల్చేసేది. మూసీ ఒడ్డున తడి నేలలో మెత్తటి గరిక. రాతిగుట్టల మీద మట్టి పలచన, గాలి ఎక్కువ. అక్కడ ముళ్ల కంకుల గడ్డి తప్ప ఏదీ బతకదు. అది మేస్తే బర్రెల నోళ్లు పుండ్లు పడేవి.

ఆ ఏడు వానలు మొండిచెయ్యి చూపించాయి. గరిక నీటి అంచు దాకా వెనక్కి పోయింది. గుట్ట మీది ముళ్ల గడ్డి ఏటి ఒడ్డున మొలవడం మా అత్తే ముందు చూసింది.

"గుట్ట దిగొస్తున్నదే పిల్లా. నాకు భయమైతున్నది."

మా ఆయన నవ్వాడు. "గుట్టకు కాళ్లున్నయా అమ్మా? ఉత్తగ ఫికర్ పెట్టుకుంటవ్."

ఆ నవ్వుకు నాకు ఒళ్లు మండింది. మేత లేక మిగతావన్నీ అమ్మేయగా కొట్టంలో మిగిలింది ఒక్క బర్రె, నా బర్రె. దుడ్డెగా ఉన్నప్పుడు మా అమ్మ ఇచ్చింది. నిండు చూడితో ఉంది. అది ఈనితేనే పాలు, పాలుంటేనే పొయ్యి మీద కుండ.

ఎగువ పల్లెల ఆడవాళ్లు రైల్లో మేత తెచ్చి ఉప్పుగూడ స్టేషన్‌లో దించేవారు. ఒక పొద్దున మా ఆయన అక్కడి నుంచి పచ్చటి మోపు ఎత్తుకొచ్చాడు. మూరెడు ఎత్తు జొన్న పైరు. ఎన్నాళ్లకు పచ్చదనం! బర్రె తాడు తెంపుకునేలా గుంజింది. అత్త వాసన చూసింది గానీ ఏమీ తేల్చలేకపోయింది. జొన్నా గడ్డి జాతే, కాని ఆమె ఎరిగిన గడ్డి కాదు. మేం పాలవాళ్లం, చేను ఎరగం.

"మోపు అమ్మినామె మస్తు మంచిది," అన్నాడు మేత వేస్తూ. "బండి లొల్లిల నా నామ్ అడిగింది. చెప్పిన. మళ్ల 'నామ్, నామ్' అంటది. మా బాపు పేరు గూడ చెప్పిన!"

అందరం నవ్వాం. ఆ నవ్వులు ఆగకముందే బర్రె తలెత్తి నోరు తెరిచింది. కాళ్లు వణికాయి. కూలబడి ఎగశ్వాస తీసింది. డాక్టరు కోసం పరిగెత్తే లోపే అయిపోయింది. కడుపులో దూడ కాసేపు కదలడం నా అరచేతికి తెలిసింది. తర్వాత అదీ ఆగింది.

మర్నాడు కొట్లాటకు నేనే స్టేషన్‌కు పోయాను. మేత అమ్మినామె నా మాట విని తల బాదుకుంది.

"నాము ఉంటది అన్నా, పైలం, అని చెప్తిని గద! వాన లేక గిడసబారిన జొన్నల విషముంటది, దాన్నే నాము అంటరు. ఎండబెట్టి ఎయ్యమంటిని. ఆయనేమో తన పేరు చెప్పె, తండ్రి పేరు చెప్పె!"

తిట్టడానికి పోయిన నేను అక్కడే చతికిలబడ్డాను. ఇంటికొచ్చి ఆ మాట చెబితే ఆయన గోడకేసి తిరిగి పడుకున్నాడు.

తర్వాత కూలి పని కోసం ఇద్దరం అఫ్జల్‌గంజ్ పోయాం. కొట్లో సేటు తలెత్తకుండానే, "నామ్ బోలో భాయ్" అన్నాడు. మా ఆయన పెదాలు కదిలాయి, మాట రాలేదు. సేటు విసుక్కుని మళ్లీ, "అరె, నామ్?" అన్నాడు.

మాలో ఆడవాళ్లు మొగుడి పేరు పలకరు. ఆ రోజు నేను పలికాను.