ఉరుముకు ఊడిన ప్లగ్గు

తమిళం మాట్లాడే ఉప్పళంలో దినకరన్ ఇంటికి మొదటిసారి వచ్చినవాళ్లు అతని కంప్యూటర్ పాడైందనుకుంటారు. తెర ఎప్పుడూ నల్లగానే ఉంటుంది మరి. పుట్టుకతోనే చూపు లేని మనిషికి తెర వెలిగితే ఎంత, ఆరితే ఎంత? కరెంటు దండగని ఆర్పేసి ఉంచుతాడు. కంప్యూటర్‌ను నడిపే లినక్స్ మీద ఓర్కా అనే స్క్రీన్ రీడర్ తెర మీది అక్షరాలను గడగడా చదివేస్తుంటే, హెడ్‌ఫోన్లో వింటూ మీటలతోనే పని నడుపుకుంటాడు. ఎవరూ నేర్పలేదు. చెడగొట్టుకుంటూ, బాగుచేసుకుంటూ తనే నేర్చుకున్నాడు. ఆ గర్వం కాస్త ఎక్కువే. "నాకు ఎవరి కళ్లూ అక్కర్లే" అన్నది అతని ఊతపదం. ఆ మాట విన్నప్పుడల్లా తల్లి వసంతమ్మ వంటింట్లోకి వెళ్లిపోయేది.

ఆ వానరోజు పదకొండింటికి అతనికి పరీక్ష. లైబ్రరీల కోసం సాఫ్ట్‌వేర్ తయారుచేసే చెన్నై కంపెనీ ఒకటి, ఆ సాఫ్ట్‌వేర్ చూపులేనివాళ్లకు పనికొస్తుందో లేదో తేల్చే మనిషి కోసం వెతుకుతోంది. ఇంటి నుంచే ఉద్యోగం. ఇంతకుముందు రెండు చోట్ల "ఒంటరిగా ఎలా చేస్తాడు పాపం" అని జాలిపడి మరీ తిప్పి పంపారు. ఇదీ తప్పితే ఇక ఎవరినీ అడగకూడదని ఒట్టు పెట్టుకున్నాడు. వాళ్ల సాఫ్ట్‌వేర్‌కు లినక్స్ కొత్త వెర్షన్ కావాలన్నారని పొద్దున్నే అప్‌గ్రేడ్ మొదలుపెట్టి, దాని మానాన దాన్ని వదిలి స్నానానికి వెళ్లాడు.

అప్పుడు ఉరిమింది. ఒకసారి పిడుగు పడి టీవీ కాలిపోయిన నాటి నుంచి వసంతమ్మకు ఒక నియమం ఉంది. తొలి ఉరుముకే ఇంట్లోని ప్లగ్గులన్నీ పీకేయాలి. టీవీది పీకింది, ఫ్రిజ్‌ది పీకింది. కొడుకు బల్ల దగ్గరికొచ్చి చూస్తే తెర చీకటి. అదీ పీకింది. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, ఆ ఉరుము వచ్చి దినకరన్ ఉద్యోగం మీద పడింది.

తల తుడుచుకుంటూ వచ్చి హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు. చప్పుడు లేదు. చెయ్యి గోడ వెంట వెళ్లి ఖాళీ సాకెట్ దగ్గర ఆగింది.

"అమ్మా! దీన్ని పీకింది ఎవురు?"

"నేనే కన్నా. ఇడి పడతా ఉండాది గదా, పిడుగు. తెర చీకటిగా ఉంటే, పెట్టె సుమ్మా ఉండాదనుకున్నా."

"సుమ్మా లేదమ్మా! లోపల పని నడస్తా ఉండింది. అంతా పాయె!" ఇల్లదిరేలా అరిచాడు.

ప్లగ్గు పెట్టబోతే ఆమె చెయ్యి పట్టుకుంది. "ఇడి ఇంకా నిలవలేదురా."

"పడనీ, నా మీదే పడనీ" అని విదిలించుకుని స్విచ్ వేశాడు.

కంప్యూటర్‌లోని ఫ్యాను తిరిగింది గానీ రోజూ వినిపించే పలకరింపు రాలేదు. ఓర్కాను లేపే మీటలు నొక్కాడు, పలకలేదు. చూపున్నవాళ్లకు తెర ఆరిపోవడం ఎలాంటిదో, అతనికి గొంతు ఆగిపోవడం అలాంటిది. ఇక మిగిలింది ఒకటే దారి. బొమ్మలేవీ లేని ఉత్త అక్షరాల తెరకు మారి, ఆ నిశ్శబ్దంలోనే పేరు, పాస్‌వర్డ్ కొట్టాడు. సగంలో ఆగిన అప్‌గ్రేడ్‌ను పూర్తిచేయమని కమాండ్ ఇచ్చి, అది అయ్యాక "ఓకే" అని పలకమని చివర చేర్చాడు. హెడ్‌ఫోన్ పీకి స్పీకర్ దగ్గర చెవి పెట్టాడు.

వాన చప్పుడే తప్ప ఏమీ లేదు. అక్షరం తప్పు కొట్టాడా? స్పీకరే పోయిందా? లేక ఇంకా పని నడుస్తోందా? ఇప్పుడు ఆపితే ఉన్నది కూడా పోతుంది. తెర వెలిగించి ఫోన్ కెమెరాతో చదివిద్దామని చూస్తే, గోరుచుట్టు మీద రోకటిపోటులా ఆ ఫోన్ అర్థం లేని రెండు ముక్కలు వాగి ఊరుకుంది.

దినకరన్ కుర్చీ పక్కకు జరిపి, తెర ముందు తల్లికి చోటిచ్చాడు.

"అమ్మా, నువ్వు చూసి చెప్పు."

"అంతా ఇంగ్లీసు కన్నా. నాకు తమిళ అక్షరాలు తప్ప ఏం తెలుసు?"

"చదవొద్దులే. వరసలు పైకి పోతా ఉండాయా?"

"లే. అన్నీ నిలబడిపోయినాయి. ఆఖర్న చిన్న గీత ఒకటి ఆరి ఆరి వెలగతా ఉండాది."

"దాని ముందర ఏముండాది?"

ఆమె తెరకు ముఖం ఆనించినంత దగ్గరికి వంగింది. "కేళ్వి గుర్తురా. ప్రశ్న అడిగితే పెడతారే, అది. తమిళంలోనూ ఇదే గదా."

అతనికి వెలిగింది. కంప్యూటర్ చచ్చిపోలేదు, తనను అడుగుతోంది. పాత సెట్టింగ్ ఉంచాలా, కొత్తది పెట్టాలా అని నోరులేని పసిబిడ్డలా ఎదురుచూస్తోంది. పాతదే ఉంచమని ఎంటర్ కొట్టాడు.

"పోతా ఉండాయి! వరసలు పైకి పోతా ఉండాయి కన్నా!"

మధ్యలో మళ్లీ "కేళ్వి" అంది, మళ్లీ కొట్టాడు. చివరకు స్పీకర్ బొంగురుగా "ఓకే" అంది. వసంతమ్మ ఉలిక్కిపడింది. అతను మాత్రం బల్ల మీద తల వాల్చేశాడు.

కంప్యూటర్ ఆపి మళ్లీ వేస్తే ఓర్కా పలికింది. ఆ వెంటనే చెన్నై కంపెనీ నుంచి కయల్విళి అనే ఆవిడ ఫోన్. వాళ్ల సాఫ్ట్‌వేర్‌లో ఒక పుస్తకం వివరాలు ఎక్కించమంది. ఎక్కించి సేవ్ కొట్టాడు. ఓర్కా మౌనం. మామూలుగా అయితే పని నడుస్తోందనుకుని కూర్చునేవాడే. పొద్దున తల్లి చెప్పిన కేళ్వి గుర్తొచ్చింది. ట్యాబ్ నొక్కి తడిమాడు. "పాత వివరాలు చెరిపేయాలా?" అన్న ప్రశ్న ఒక మూల దాక్కుని ఉంది. "మేడమ్, ఇది అడుగుతోంది గానీ అడుగుతున్నట్టు మాకు చెప్పడం లేదు" అన్నాడు.

"ఆ తప్పు కావాలనే వదిలాం. అందరూ అక్కడే ఆగిపోయారు. మీరెలా పట్టుకున్నారు?"

అనుభవం అనేస్తే సరిపోయేది. ఒంటరిగా చేయలేడని తిప్పి పంపిన రెండు చోట్లూ గుర్తొచ్చాయి. అయినా అబద్ధం రాలేదు.

"పొద్దున మా అమ్మ చూపించింది మేడమ్. ఈ కంప్యూటర్ ఇవాళ లేచింది ఆమె కళ్లతోనే."

ఇదీ చేజారిందనుకున్నాడు.

"మా ఇంజనీర్లు రోజూ ఒకరి తెర ఒకరికి చూపించుకుంటారు దినకరన్. సోమవారం చేరండి."

వసంతమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. దినకరన్ తెర అంచును తడిమి, మీట దొరికాక వెలుతురు పెంచాడు. "ఇంక ఇట్లే ఉంటాది. వెలగతా ఉంటే నేను పనిలో ఉండానని."

"కరెంటు దండగ గదరా" అంది గానీ, ఆ గొంతులో కోపం లేదు.

సాయంత్రం మళ్లీ ఉరిమింది. టీవీది పీకింది, ఫ్రిజ్‌ది పీకింది. బల్ల దగ్గరికొచ్చి, తెర వెలుగు చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది. వంగి అక్షరాల చివరంతా వెతికింది.

"కేళ్వేమీ లే కన్నా. నువ్వు పని చూసుకో" అంది.