అరికాలి సున్నం

ఆ రోజుల్లో బేతంచెర్లలో మోటారుసైకిల్ ఉన్నవాణ్ణి దేవుడి తర్వాత అంతటివాడిగా చూసేవాళ్ళు. మా బావామరుదులు నలుగురికీ కలిపి ఒకటే బండి ఉండేది కాబట్టి, తలా పావు వంతు గొప్పతో తిరిగేవాళ్ళం. యుద్ధం అయిపోయాక వేలంలో వచ్చిన మిలిటరీ బండి అది. లారీ మెకానిక్ అయిన మా పెద్దబావ దాన్ని విప్పి బిగించి, బిగించి విప్పి బతికించాడు. (ప్రతిసారీ రెండు నట్లు మిగిలేవి. అవి ఎక్కడివో ఆయన ఎప్పుడూ చెప్పలేదు.)

వేగంగా పోయే పందేలకు దానికి ఓపిక లేదు. అందుకే పాత నాపరాళ్ళ గనిలో, పగిలిన బండల మీద, కాలు కింద పెట్టకుండా మెల్లగా ఎక్కి దిగే పందెం పెట్టుకున్నాం. ఊళ్ళో దానికి 'కాలు పెట్టని ఆట' అని పేరు. దుమ్ములో, పొగలో ఏమీ కనిపించేది కాదు. పెట్టినావని ఒకరు, పెట్టలేదని ఒకరు, ఆట కంటే గొడవే ఎక్కువ. చివరికి చర్చి ఉపదేశి తాతను న్యాయం చెప్పమని బతిమాలాం. ఆయనకు చూపు అంతంతమాత్రం, అందుకని ఒక ఉపాయం చెప్పాడు. నడిపేవాడు చెప్పులు విడిచి అరికాళ్ళకు తడి సున్నం పూసుకోవాలి. కాలు పెడితే నల్లబండ మీద తెల్లటి అడుగు పడుతుంది. ఎన్ని అడుగులుంటే అన్ని తప్పులు.

ఇంతలో కడపలోనూ ఇలాంటి జట్టే ఉందని, మా తరఫున ఒకణ్ణి పందేనికి పంపమన్నారని కబురొచ్చింది. నేనే పోవాలని నాకు ఒకటే ఆరాటం. కారణం పందెం కాదు, కడపలో ఉన్న మా మేనమామ. చిన్నప్పుడు సైకిలు తొక్కుతూ పోయి ఆయన మిరపకాయల రాశిలో పడ్డాను. అది మొదలు పెళ్ళయినా చావయినా, చుట్టాలందరి ముందూ ఆ కథే చెప్పేవాడు. ఆయన వాకిట్లో మోటారుసైకిల్ ఆపి, హారన్ కొట్టి, బాగుండావా మామా అనాలి. అంతకు మించి జీవితంలో నాకు వేరే కోరిక లేదు.

చివరికి మిగిలింది పెద్దబావా నేనూ. ఆయన ముందు నడిపి రెండడుగులు పెట్టాడు. నా వంతు రాగానే సున్నం పూసుకుని, బండ చాటుకు పోయి, గోనెపట్టాతో శుభ్రంగా తుడిచేసుకున్నాను. (ఇంత తెలివి బళ్ళో లెక్కల పరీక్షప్పుడు ఎందుకు రాలేదో.) ఇక నిశ్చింతగా నడిపాను. ఒకచోట దాదాపు నడిచే పోయాను. దుమ్ము సర్దుకున్నాక చూస్తే బండ మీద ఒక్క అడుగు లేదు. ఒక్కసారి కూడా కాలు తాకలేదని గట్టిగా చాటుకున్నాను.

ఉపదేశి తాత కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. బండ వైపు పోనేలేదు. వంగి నా పాదం పట్టుకుని, వేళ్ళతో తడిమి, మెల్లగా అడిగాడు.

"కాలు నేలకు తాకనే లేదంటివి. మరి మడమ సున్నం యాడికి పోయిందప్పా?"

సిగ్గుతో చచ్చిపోయాను.

కడపకు పెద్దబావే బయల్దేరాడు. నా మొహం చూసి, "ఎనక కూర్చోప్పా, దావలో నిలిచిపోతే తోసేకి మనిషి కావల్ల" అన్నాడు. తోశాను కూడా. మామ వాకిట్లో దిగగానే ఆయన నన్ను ఎగాదిగా చూసి, పర్వాలేదే, ఎనక కూర్చునేది నేర్చినావే అన్నాడు. ఆ సాయంత్రమే బావ సున్నం సంగతి చెప్పేశాడు. మిరపకాయల కథకు తోడు దొరికింది.

ఇప్పుడు వాళ్ళెవరూ లేరు. ఆ రెండు కథలూ చెప్పి నన్ను ఏడిపించేవాళ్ళు లేక దిగులుగా ఉంటుంది. మొన్న ఇంటికి సున్నం కొట్టిస్తుంటే తొక్కి, వరండా అంతా అడుగులు వేశాను. కోడలు గుడ్డ తీసుకుని వచ్చింది. ఉండమ్మా అని, కర్ర ఆనించుకుని నిలబడి ఎన్ని తప్పులో లెక్కపెట్టాను. పదకొండు. ఈసారి ఒక్కటీ తుడవబుద్ధి కాలేదు.